తడిస్తే తేటపడే హెడ్‌లైటు

మలికిపురం వైపు అద్దెకారు తిప్పే ఒక పాఠకుడు ఇలా అడిగారు: "కారు కడిగేటప్పుడు హెడ్‌లైట్లు కొత్తవాటిలా మెరుస్తాయండి. తుడిచిన పది నిమిషాలకి మళ్లీ మజ్జిగ పూసినట్టు తెల్లబడిపోతాయి. నేను వాడే సబ్బులో ఏమైనా తేడా ఉందంటారా?"

సబ్బు సంగతి అలా ఉంచండి. ఈయన తనకు తెలియకుండానే ఒక చక్కటి పరీక్ష చేసేశారు. మసకబారిన హెడ్‌లైటు ఇంట్లో బాగుపడుతుందా, కొత్తది కొనాలా అన్నది తేల్చడానికి చెంబుడు నీళ్లు చాలు. తడిపితే తేటపడిందా, జబ్బు పైపైనే ఉంది, మన చేతిలో పనే. తడిపినా మసకగానే ఉంటే లోపల ఆవిరి పట్టిందో, వెనక రిఫ్లెక్టరు పూత ఊడిందో అయి ఉంటుంది. అప్పుడు బయట ఎంత రుద్దినా లాభం లేదు. మసక పోయి పసుపు రంగు మాత్రం మిగిలితే అది ఇంకో సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అద్దం అంటున్నాం గానీ అది గాజు కాదు. పాత అంబాసిడర్ దీపానికి గాజు ఉండేది, ఎన్నేళ్లయినా పసుపెక్కేది కాదు. ఇప్పటిది పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా దాదాపు ఒకేసారి తయారు చేశారు. తేలిక, రాయి తగిలినా పగలదు, ఏ వంపు కావాలంటే ఆ వంపులో అచ్చు పోయొచ్చు. గీతలు పడటం, ఎండకి ఓర్వలేకపోవడం దాని లోపాలు. అందుకే ఫ్యాక్టరీలోనే పైన పలుచటి గట్టి పూత వేసి పంపిస్తారు. ఆ పూత అరిగిన రోజునుంచే మన కథ మొదలు.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. మిరపకాయ బజ్జీలు కట్టిన కాగితం చూశారు కదా, నూనె అంటిన చోట అవతలి వెలుతురు కనిపిస్తుంది. మా చిన్నప్పుడు బడిలో "నూనె కాగితం పాక్షిక పారదర్శక పదార్థం" అని రాయించి, మార్కులు వేసి వదిలేశారు. పొడి కాగితం ఎందుకు తెల్లగా ఉంది, నూనె ఏం మార్చింది అని ఎవరూ అడగలేదు. అసలు భౌతికశాస్త్రం అంతా ఆ అడగని ప్రశ్నలోనే ఉంది.

కాంతి ఒక పదార్థంలోంచి ఇంకోదానిలోకి వెళ్లేటప్పుడు వంగుతుంది. ఎంత వంగేదీ రెండింటి వక్రీభవన గుణకాల, అంటే ఏ పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకెల, తేడాని బట్టి ఉంటుంది. గాలికి 1, నీటికి 1.33, కొబ్బరి నూనెకి సుమారు 1.45, పాలీకార్బనేట్‌కి సుమారు 1.585. హెడ్‌లైటు మీద ఇసుక, దుమ్ము, వైపర్లా రుద్దిన పాత గుడ్డ కలిసి వేల గీతలు గీశాయి. ఒక్కో గీతకి రెండు వాలు గోడలు. ఒక గోడ పది డిగ్రీలు వాలి ఉందనుకోండి. దానిలోంచి గాలిలోకి వచ్చే కిరణం దారి తప్పే కోణం, వాలుని గుణకాల తేడాతో గుణిస్తే సుమారుగా వచ్చేస్తుంది. 1.585లోంచి 1 తీస్తే 0.585. అంటే దాదాపు ఆరు డిగ్రీలు. చిన్నదే అనిపిస్తుంది. కానీ ముప్పై మీటర్ల దూరం పోయేసరికి ఆ కిరణం పడాల్సిన చోటికి మూడు మీటర్లు పక్కన పడుతుంది. కాలవ గట్టు రోడ్డు మీద మూడు మీటర్లంటే కాలవలోకో, ఎదురుగా వచ్చే ట్రాక్టరు వాడి కళ్లల్లోకో. మసక హెడ్‌లైటు వెలుగు తగ్గించడమే కాదు, ఉన్న వెలుగుని దారి తప్పిస్తుంది. లో బీమ్ వేసినా అవతలివాడు డిమ్ చెయ్యమని లైటు కొడుతున్నాడంటే తప్పు వాడిది కాకపోవచ్చు.

ఇప్పుడు నీళ్లు పోయండి. నీరు గీతల్లో నిండి, పైన మాత్రం చదునుగా నిలుస్తుంది. ఇప్పుడు తేడా 0.255 మాత్రమే. అదే పది డిగ్రీల గోడ కిరణాన్ని రెండున్నర డిగ్రీలే తప్పిస్తుంది. ముప్పై మీటర్లకి మీటరూ పావు చిల్లర. నీటి బదులు కొబ్బరి నూనె అయితే తేడా 0.135, తప్పేది డిగ్రీన్నర లోపు, డెబ్భై సెంటీమీటర్లు. గీతలు ఎక్కడికీ పోలేదు, కాంతికి కనిపించడం తగ్గింది అంతే. బజ్జీల కాగితంలో నూనె చేసిందీ ఇదే. సార్వా నాట్ల ముందు దమ్ము చేసిన చేను గుర్తు తెచ్చుకోండి. కింద బురదంతా గడ్డలు, అడుగుల గుంటలు. పైన నాలుగు వేళ్ల నీరు నిలిస్తే గట్టు మీది కొబ్బరిచెట్లు అందులో తలకిందులుగా, ఆకు ఆకూ లెక్కపెట్టేలా కనిపిస్తాయి. ఎత్తుపల్లాలని సరిచేసింది మనం కాదు, నీరు.

అంబాజీపేటలో ఉండే మా బావ ఈ సూత్రం చదవకుండానే కనిపెట్టాడు. కొబ్బరి నూనెకి ఆ ఊళ్లో లోటేముంది? డిసెంబరులో హెడ్‌లైట్లకి నూనె రాసి, "చూశావా, వెయ్యి రూపాయల పని రూపాయిలో" అని నాకు ఫొటో పంపాడు. నిజంగానే అద్దంలా ఉన్నాయి. భోగి నాడు తెల్లవారుజామున చలికి నూనె పేరుకుంది. కొబ్బరి నూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కదా. లైట్లు ముందటికంటే తెల్లగా తయారయ్యాయి, ఎందుకంటే ఇప్పుడు నూనెలోనే లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు, ఒక్కోటీ కాంతిని ఒక్కో వైపుకి తోసేది. ఎండెక్కాక కరిగింది, కానీ ఈలోగా రోడ్డు మీద దుమ్మంతా దానికి అంటుకుంది. టూత్‌పేస్టు చిట్కాదీ ఇంచుమించు ఇదే స్థాయి. అందులో ఉండే సన్నటి పొడి కొంచెం అరగదీస్తుంది, కొత్తగా పట్టిన మసకకి పనికొస్తుంది, పాతదానికి కాదు. పెట్రోలు, థిన్నరు మాత్రం దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్ సన్నగా బీటలు తీస్తుంది. దోమల మందు కొట్టి తుడిస్తే మెరిసే వీడియోలు కూడా నమ్మకండి. అందులోని డీట్ అనే రసాయనం పై పొరని కరిగించి మెత్తబరుస్తుంది, మెరుపు దానివల్లే.

బావ కారుకి కుడి లైటే పసుపెక్కింది, ఎడమది కాదు. అక్క అత్తగారు "ఒక కంటికే వచ్చిందంటే దిష్టే" అని నిమ్మకాయ, మిరపకాయలు కట్టించారు. కట్టించుకోనివ్వండి, దానివల్ల కారుకి నష్టం లేదు. నేను మాత్రం కారు పెట్టే చోటు చూశాను. దక్షిణ ముఖంగా రేకుల పందిరి కింద పెడతారు, కుడి ముందు మూల బయటికి పొడుచుకొస్తుంది. మధ్యాహ్నం నుంచీ పడమటి ఎండంతా దాని మీదే. ఇంత శుభ్రమైన పోలిక ప్రయోగశాలలో కూడా కష్టం, ఒకే కారు, ఒకే వయసు, ఒకే రోడ్లు, తేడా ఎండ ఒక్కటే. పైగా మన డెల్టా పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఇప్పటి హెడ్‌లైట్లు బానెట్ మీదికి వాలి ఉంటాయి కాబట్టి ఆ ఎండని వెల్లకిలా పడుకుని మోస్తున్నట్టే. పసుపు పై అంచునే ఎక్కువ ఉండటం గమనించండి.

ఇక్కడ కాస్త రసాయనశాస్త్రం ఓర్చుకోవాలి. నేలకి చేరే అతినీలలోహిత కాంతిలో పొట్టి తరంగాలు, అంటే 300 నానోమీటర్ల చుట్టుపక్కలవి, పాలీకార్బనేట్ గొలుసులోని కార్బనేట్ లంకెని తెంపుతాయి. తెగిన ముక్క పక్కనున్న బెంజీన్ వలయానికి అంటుకుంటుంది. దీన్ని ఫోటో-ఫ్రీస్ మార్పు అంటారు. కొంచెం పొడుగు తరంగాలు ఆక్సిజన్‌ని తోడు తెచ్చుకుని గొలుసు పక్కనుండే మిథైల్ గుంపుల మీద పడతాయి. ఈ రెండు దారుల్లోనూ చివరికి పుట్టేవి నీలి కాంతిని మింగే అణువులు. నీలం పోతే మిగిలేది పసుపు. తడిపినా ఈ పసుపు పోనిది అందుకే. మసక అంటే కాంతి దారి తప్పడం, పసుపు అంటే కాంతి మాయమవడం. నీరు మొదటిదాన్నే సర్దగలదు. చిత్రం ఏంటంటే చీర మీద పడ్డ వంటింటి పసుపు మరకని ఎండలో ఆరేస్తే పోతుంది, హెడ్‌లైటు పసుపు ఎండలోనే వస్తుంది. వంటింటి పసుపుకి రంగునిచ్చే కుర్కుమిన్ అణువులోని వరస జంటబంధాలని ఎండ విరగ్గొడుతుంది, పాలీకార్బనేట్‌లో అదే ఎండ రంగు అణువులని కడుతుంది. ఇంకో చిత్రం, ఆ కొత్త అణువులు అతినీలలోహితాన్ని కూడా మింగి కింది పొరలని కాపాడతాయి. అందువల్ల చెడిపోయిన పొర కొన్ని పదుల మైక్రాన్లు దాటదు, తల వెంట్రుక మందం కంటే తక్కువ. మనం గీకి తీసెయ్యగలిగేది అందుకే.

పని ఆదివారం ఉదయం మొదలుపెట్టాం. చుట్టూ రంగుకి తగలకుండా మాస్కింగ్ టేపు రెండు వరసలు. పెయింటింగ్ షాపుల్లో దొరికే వాటర్ పేపరు, నీళ్లు చిలకరిస్తూ రుద్దడం. పాత పూత పెచ్చులూడుతుంటే 800 నంబరుతో, లేకపోతే 1000తో మొదలు. కారే నీరు మొదట పసుపుగా వస్తుంది, పూర్తిగా తెల్లబడేదాకా ఆపకూడదు. తర్వాత 1500, 2000, 3000. 800 కాగితం రేణువు సుమారు ఇరవై రెండు మైక్రాన్లు, 2000ది పది. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతది నిలువుగా రుద్దాలి, అప్పుడే పాత గీత మిగిలిందో లేదో కనిపిస్తుంది. బావ ఇక్కడ తొందరపడి 1000 మీంచి 3000కి దూకాడు. సన్న కాగితం లోతు గీతలని తుడవలేక వాటి అంచులని మెరుగుపెట్టి వదిలింది. మళ్లీ మొదటికి వచ్చాం. ఆఖర్న పాలిష్ కాంపౌండు. దాని పొడి మైక్రాను చుట్టూ ఉంటుంది, అది వదిలే గీతలు అంతకంటే చాలా లోతు తక్కువ. కాంతి తరంగం పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు కాబట్టి ఆ గీతలు దానికి లెక్కలోకి రావు.

ఇంతటితో ఆపేస్తే మాత్రం కొన్ని నెలల్లోనే మళ్లీ మామూలే. పసుపుతోపాటు ఆ పొర ఇచ్చే కాపుదల కూడా గీకేశాం కదా, ఇప్పుడున్నది ఒంటి మీద బట్ట లేని పాలీకార్బనేట్. పైన అతినీలలోహితాన్ని ఆపే క్లియర్ కోటు తప్పనిసరి. దాని వక్రీభవన గుణకం 1.5 చుట్టూ, తేడా 0.085. అంటే మన పది డిగ్రీల గోడ ఇప్పుడు డిగ్రీ లోపే తప్పిస్తుంది. ఇది ఆరిపోని నీరు, పేరుకోని నూనె. దమ్ము చేలో నీటిలాగే తానే చదును అవుతుంది. కాబట్టి కోటు వేసేవాళ్లు 2000 దగ్గర ఆపేసినా చాలు, పాలిష్ అక్కర్లేదు. పైగా మరీ నున్నగా ఉంటే కోటు పట్టు దొరకదు. రెండు రసాయనాలు కలిసే స్ప్రే అయితే ఐసోసైనేట్ ఆవిర్లు ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి. ఆరుబయట, సరైన మాస్కుతో వేయాలి, లేదా తెలిసిన పెయింటరుకి అప్పజెప్పాలి. ఇంకోటి, కోనసీమలో వాన వెలిసిన సాయంత్రం స్ప్రే కొట్టకండి. ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరి కోటు పాలలా తెల్లబడుతుంది. పొడి ఎండ ఉన్న పది గంటల వేళ మంచిది. కోటు వద్దనుకుంటే నెలకోసారి వ్యాక్సు రాయాలి. బావకి అంత ఓపిక లేదు, కోటే వేయించాడు.

పనంతా అయ్యాక మా మేనకోడలు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి అడిగింది: "మరి వెనక లైట్లు కూడా ప్లాస్టిక్కే కదా మావయ్యా, అవెందుకు పాడవలేదు?" మంచి ప్రశ్న. వెనక లైట్లు చాలా కార్లకి అక్రిలిక్‌తో చేస్తారు. దాని గొలుసులో బెంజీన్ వలయాలు లేవు, అందుకని ఎండలోని అతినీలలోహితాన్ని పెద్దగా పట్టుకోదు, పసుపెక్కదు. ముందుకి కూడా అదే పెట్టొచ్చు కదా అంటే, అది వంద డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, పాలీకార్బనేట్ 147 దాకా ఆగుతుంది. వెనక బల్బుకి అంత వేడి ఉండదు, ముందున్న 55 వాట్ల హాలోజన్‌కి ఉంటుంది. పైగా లారీ చక్రం కింద నుంచి ఎగిరొచ్చే కంకర వచ్చేది ముందుకే.