మీరు ఏ బ్రౌన్ గారి తాలూకు?

మా తమ్ముడి కూతురు తొమ్మిదో తరగతి. మొన్న వేసవి సెలవుల్లో కడప వస్తే ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లాను. బోర్డు చదివి గేటు దగ్గరే ఆగిపోయింది.

"పెదనాన్నా, కణంలో కేంద్రకం సంగతి చెప్పింది ఈయనేనా? మా బయాలజీ పుస్తకంలో కూడా బ్రౌన్ అనే ఉంది."

"కాదమ్మా. ఆయన రాబర్ట్ బ్రౌన్, ఈయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్."

"అయితే ఇద్దరూ చుట్టాలా?"

చాలా సహజమైన ప్రశ్న. ఇంటిపేరు కలిసిందంటే చాలు, మనం వెంటనే "ఏ ఊరి వాళ్లు? ఎవరి తాలూకు?" అని కూపీ లాగుతాం. రెండు మూడు తరాలు వెనక్కి వెళ్తే ఎక్కడో ఒకచోట చుట్టరికం తగులుతుంది కూడా. కానీ బ్రౌన్ లాంటి ఇంటిపేరు దగ్గర ఆ లెక్క పనిచేయదు. ఎందుకు పనిచేయదో చెప్పాలంటే చరిత్ర కొంత, గణితం కొంత, జన్యుశాస్త్రం కొంత కావాలి. ఆ రోజు ఇంటికి వచ్చాక ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ఊళ్లో నలుగురు సుబ్బయ్యలు ఉంటే ఏం చేస్తాం? నల్ల సుబ్బయ్య, పొడుగు సుబ్బయ్య, బావి కాడ సుబ్బయ్య, కంసాలి సుబ్బయ్య అంటాం. ఇంగ్లండ్‌లో జరిగిందీ అదే. అక్కడ విలియం, జాన్, రాబర్ట్ లాంటి కొద్దిపాటి పేర్లతోనే ఊళ్లన్నీ నిండిపోయి ఉండేవి. గోధుమరంగు జుట్టో, చామనచాయో ఉన్న జాన్‌ను జాన్ బ్రౌన్ అన్నారు. కమ్మరి పని చేసేవాడు జాన్ స్మిత్ అయ్యాడు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచిన తర్వాత పెద్ద భూస్వాముల ఇళ్లలో ఈ రెండో పేరు తండ్రి నుంచి కొడుక్కి దిగడం మొదలైంది. మెల్లగా మామూలు జనానికీ పాకి, 1400 నాటికి చాలావరకు స్థిరపడింది. అంటే తాత జుట్టు రంగును బట్టి పెట్టిన పేరు, బంగారు రంగు జుట్టున్న మనవడికి కూడా అంటుకుపోయింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

గమనించాల్సిన సంగతి ఏమిటంటే, గోధుమరంగు జుట్టు ఒక్క ఊరి సొత్తు కాదు. వందల ఊళ్లలో, ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేకుండా, వందల మంది విడివిడిగా బ్రౌన్‌లు అయ్యారు. మన ఇంటిపేర్లలో చాలావాటికి ఊరి పేరే ఆధారం కాబట్టి కనీసం ఒక ఊరైనా చూపించగలం. బ్రౌన్‌కు అలా చూపించడానికి మూలమైన ఊరు లేదు. స్కాట్లండ్‌లో ఇంకో దారి ఉంది. న్యాయాధికారి కొడుకు అనే అర్థం వచ్చే గేలిక్ ఇంటిపేరును అక్కడ కొన్ని కుటుంబాలు ఇంగ్లీషులోకి మార్చుకునేటప్పుడు బ్రౌన్ అని రాసుకున్నాయి. వాళ్లకు రంగుతో పనే లేదు.

ఇప్పుడు గణితం. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఒక పత్రికలో గణితజ్ఞులకు ఒక లెక్క ఇచ్చాడు: పేరున్న వంశాలు ఒక్కొక్కటే ఎందుకు అంతరించిపోతున్నాయి? కేవలం అదృష్టం వల్లే ఇలా జరుగుతుందా? హెన్రీ వాట్సన్ అనే ఆయన దాన్ని చేపట్టాడు. 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. ఆ పద్ధతిని ఇప్పటికీ గాల్టన్-వాట్సన్ ప్రక్రియ అంటారు.

దీన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు. మేం చేశాం. రెండు రూపాయి బిళ్లలు తీసుకోండి. ఒక మనిషి తరఫున రెండూ ఎగరేయండి. ఎన్ని బొమ్మలు పడితే అతనికి అంతమంది కొడుకులు. రెండూ బొరుసు పడితే కొడుకులు లేరు, పేరు అక్కడితో ఆగిపోయింది. సగటున ఒక్కొక్కరికి ఒక కొడుకు, అంటే మొత్తం మీద జనం పెరగరు, తగ్గరు. ఇలా వంద ఇంటిపేర్లు, ఒక్కో పేరుకు ఒక్కడే మగవాడితో మొదలుపెడితే, సగటు లెక్కన మొదటి తరంలోనే 25 పేర్లు పోతాయి. రెండో తరానికి పోయినవి 39. మూడో తరానికి 48. పదో తరానికి 74 పేర్లు కనుమరుగై, మిగిలిన 26 పేర్లలోనే దాదాపు ఆ వందమందీ ఉంటారు. ఎవరూ ఎవరికన్నా గొప్పవాళ్లు కాదు. నాణెం ఎటు పడితే అటు.

వాట్సన్ ఇక్కడ ఒక పొరపాటు చేశాడు. ఎలా చూసినా పేర్లన్నీ చివరికి పోతాయని తేల్చేశాడు. కొడుకుల సగటు ఒకటి గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే అది నిజమే. ఒకటి దాటితే మాత్రం కొన్ని పేర్లకు ఎప్పటికీ నిలిచే అవకాశం ఉంటుంది. తర్వాత వచ్చినవాళ్లు దీన్ని సరిదిద్దారు. ఇదే గణితం 1940ల్లో అణు విచ్ఛిత్తిలో న్యూట్రాన్ల గొలుసు చర్యను లెక్కకట్టడానికి పనికొచ్చింది. కొడుకుల చోట న్యూట్రాన్లు, అంతే తేడా.

మరి బ్రౌన్ ఎలా నిలిచింది? ఒక్క మనిషితో మొదలైన పేరుకు పది తరాల్లో పోయే అవకాశం నూటికి 74. అదే వందమంది విడివిడిగా మొదలుపెట్టిన పేరైతే? ఆ వంద శాఖలూ కలిసి పోవాలి. 0.74ను వందసార్లు గుణించండి. దశాంశ బిందువు తర్వాత పన్నెండు సున్నాలు దాటాక గానీ అంకె కనపడదు. ఒక మూలపురుషుడికి సంతానం ఎక్కువై బ్రౌన్‌లు ఇంతమంది కాలేదు, మూలపురుషులే ఎక్కువమంది.

ఈ మాటకు రుజువు రక్తంలో దొరికింది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగుతుంది, అచ్చం ఇంగ్లీషు ఇంటిపేరు లాగే. అందుకని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చని ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయాన్ సైక్స్‌కు తోచింది. 2000లో తన ఇంటిపేరే ఉన్న మగవాళ్ల నమూనాలు పరీక్షించాడు. దాదాపు సగం మందిలో ఒకే రకం వై క్రోమోజోమ్ కనిపించింది. ఆ తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ ఇంకా పెద్ద ఎత్తున చేశారు. 40 ఇంటిపేర్లు, 1,678 మంది. 2009లో వచ్చిన ఫలితం చాలా స్పష్టంగా ఉంది. అటెన్‌బరో లాంటి అరుదైన పేరున్నవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఒకే తెగ వై క్రోమోజోమ్ ఉంది. స్మిత్‌లను తీసుకుంటే, దారిన పోయే ఏ ఇద్దరికీ ఉన్నంత పోలికే, అంతకుమించి లేదు. స్మిత్ అంటే ఊరూరా ఉన్న కమ్మరి, బ్రౌన్ అంటే ఊరూరా ఉన్న చామనచాయ మనిషి. తర్కం రెండింటికీ ఒకటే.

అరుదైన పేర్లలో కూడా నూటికి నూరు ఎందుకు కలవలేదంటే, మధ్యలో దత్తతలు ఉంటాయి, తల్లి ఇంటిపేరు తీసుకున్నవాళ్లు ఉంటారు, పెళ్లి బయట పుట్టిన పిల్లలు ఉంటారు. దత్తత వెళ్లినవాడి ఇంటిపేరు మారుతుందని, క్రోమోజోమ్ మారదని మనకు వేరే చెప్పక్కర్లేదు.

రాబర్ట్ బ్రౌన్ దగ్గరికి వద్దాం. 1773లో స్కాట్లండ్‌లోని మాంట్రోజ్‌లో పుట్టాడు. 1801లో నావికుడు ఫ్లిండర్స్ నడిపిన ఓడలో ఆస్ట్రేలియా బయల్దేరి వేల మొక్కలు సేకరించుకొచ్చాడు. 1827లో క్లార్కియా పుల్చెల్లా అనే మొక్క పుప్పొడిని నీటిలో వేసి, ఒకే ఒక్క కటకం ఉన్న చిన్న మైక్రోస్కోపులో చూశాడు. పుప్పొడి రేణువు లోపల అంగుళంలో నాలుగైదు వేల వంతు ఉండే కణికలు నిలకడ లేకుండా వణుకుతూ, జరుగుతూ ఉన్నాయి. (పుప్పొడి రేణువులే కదిలాయని చాలాచోట్ల రాస్తారు. అవి అంతలా కదలలేనంత పెద్దవి. కదిలినవి లోపలి కణికలు.) ప్రాణం ఉంది కాబట్టి కదులుతున్నాయేమో అనుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ తర్వాత చేసిన పనికి. అంతటితో ఊరుకోలేదు. ఎండబెట్టి వందేళ్లయిన మొక్కలు చూశాడు, కదిలాయి. గాజు పొడి చేసి చూశాడు, రాళ్లు చూశాడు, చివరికి ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహం నుంచి వచ్చిన ముక్కను కూడా పొడి చేసి చూశాడు. అన్నీ కదిలాయి. రాయికి ప్రాణం ఉండదు కదా, కాబట్టి ఈ కదలిక ప్రాణానిది కాదని తేల్చాడు. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ లెక్కలేనన్ని సార్లు ఢీకొట్టడం వల్ల, బ్రౌనియన్ చలనం అని పిలిచే ఆ వణుకు పుడుతుందని 1905లో ఐన్‌స్టీన్ గణితంతో చూపించాడు. 1908 నుంచి జాఁ పెరాఁ ప్రయోగాలతో నిరూపించి, 1926లో నోబెల్ అందుకున్నాడు. అణువులు నిజంగా ఉన్నాయని ఆఖరి సందేహాలు తీర్చిన సాక్ష్యం ఇదే.

ఇంకో సంగతి. రాబర్ట్ బ్రౌన్ 1858 జూన్‌లో పోయాడు. ఆయన మృతికి సంతాపంగా లండన్‌లోని ప్రకృతి శాస్త్రవేత్తల సంఘం లినియన్ సొసైటీ తన సమావేశాన్ని జులై 1కి వాయిదా వేసింది. ఆ వాయిదా పడ్డ సమావేశంలోనే పరిణామ సిద్ధాంతం మీద డార్విన్, వాలెస్‌ల రచనలు చదివారు.

అమెరికాలో బ్రౌన్ కథ ఇంకా చిక్కటిది. అక్కడి 2010 జనాభా లెక్కల్లో స్మిత్, జాన్సన్, విలియమ్స్ తర్వాత నాలుగో స్థానం బ్రౌన్‌దే. 14 లక్షలకు పైగా మనుషులు. అందులో మూడో వంతుకు పైగా నల్లజాతివాళ్లు. బానిసత్వం రద్దయ్యాక ఇంటిపేరు రాయించుకోవాల్సి వచ్చినప్పుడు కొందరు పాత యజమానుల పేర్లు ఉంచుకున్నారు, కొందరు తమకు నచ్చినవి ఎంచుకున్నారు. జర్మన్ బ్రౌన్‌లు స్పెల్లింగు మార్చుకుని వీళ్లలో కలిశారు. ఉక్రెయిన్ యూదు దంపతులకు లండన్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన హెర్బర్ట్ సి. బ్రౌన్ అసలు ఇంటిపేరు బ్రొవార్నిక్. బోరాన్ రసాయనశాస్త్రానికి ఆయనకు 1979లో నోబెల్ వచ్చింది. హెర్బర్ట్ చార్లెస్ బ్రౌన్ పేరులోని మూడు పొడి అక్షరాలూ హైడ్రోజన్, కార్బన్, బోరాన్‌ల గుర్తులే.

రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములను చూడండి. జాన్ బ్రౌన్ బానిసల వ్యాపారం చేశాడు. ఆ వ్యాపారాన్ని అదుపు చేసే చట్టం కింద 1797లో విచారణకు గురై ఓడ పోగొట్టుకున్నాడు. తమ్ముడు మోజెస్ బ్రౌన్ 1773లోనే తన బానిసలకు విముక్తి ఇచ్చి, అన్న వ్యాపారానికి ఎదురు తిరిగాడు. వీళ్లిద్దరికీ అన్న కొడుకైన నికలస్ బ్రౌన్ 5,000 డాలర్లు ఇస్తే, 1764లో మొదలైన అక్కడి కాలేజీకి 1804లో బ్రౌన్ యూనివర్సిటీ అని పేరు మార్చారు. మన పిల్లలూ చదువుకోవడానికి వెళ్తున్న యూనివర్సిటీ అది. ఇంకో జాన్ బ్రౌన్, వీళ్ల కుటుంబం కాదు, కనెటికట్‌లో పుట్టినవాడు, బానిసలను విడిపించాలని 1859 అక్టోబరులో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేసి డిసెంబరు 2న ఉరికంబం ఎక్కాడు. కాన్సస్‌లోని టొపీకాలో ఆలివర్ బ్రౌన్ అనే నల్లజాతి తండ్రి, తన కూతురు లిండాను దగ్గర్లోని తెల్లవాళ్ల బడిలో చేర్చుకోకపోతే కోర్టుకెక్కినవాళ్లలో ఒకడయ్యాడు. నలుపు తెలుపు పిల్లలకు వేర్వేరు బడులు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఆయన పేరుతోనే ఉంది. టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దున ఉన్న బ్రౌన్స్‌విల్ వేరే ఇంకో బ్రౌన్ తాలూకు: 1846లో కోటను కాపాడుతూ చనిపోయిన సైనికాధికారి పేరు అది. బానిసల ఓడ యజమానికీ, ఉరితాడుకు ఎదురెళ్లినవాడికీ, బడి కోసం పోరాడిన తండ్రికీ ఒకటే ఇంటిపేరు. నాకు ఇది చదివిన ప్రతిసారీ మనసు కదులుతుంది.

ఇక మన బ్రౌన్. తండ్రి డేవిడ్ బ్రౌన్ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ వాడు, కలకత్తాలో మతబోధకుడిగా స్థిరపడ్డాడు. 1798లో అక్కడే పుట్టిన చార్లెస్ ఫిలిప్ 1820లో కడప వచ్చాడు. తర్వాత బంగళా కొని, అందులోనే పండితులను పెట్టుకుని, తాటాకుల్లో చెదలు తింటున్న కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. జీతం చాలక అప్పులు కూడా చేశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. ఒక మాటకు అర్థం రాసి, పక్కనే ఏ కవి ఎలా వాడాడో చూపించి, పల్లెల్లో జనం ఎలా అంటారో కూడా చేర్చే పద్ధతి ఆయనది. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పటి గ్రంథాలయం.

స్కాట్లండ్ మాంట్రోజ్ ఇంటివాడికీ, యార్క్‌షైర్ ఇంటివాడికీ చుట్టరికం ఉన్నట్టు ఆధారం లేదు. 1855లో మన బ్రౌన్ లండన్ చేరాక, రాబర్ట్ బ్రౌన్ బతికున్న ఆ మూడేళ్లూ ఇద్దరూ ఒకే నగరంలో ఉన్నారు.

సాయంత్రం బిళ్లలు ఎగరేస్తున్నప్పుడు మా పిల్ల అడిగింది, ఈ ఇద్దరు బ్రౌన్‌లకు ఎన్ని బొమ్మలు పడ్డాయని. ఇద్దరూ పెళ్లే చేసుకోలేదని చెప్పాను. నోటుబుక్కులో రెండు పేర్లూ రాసి, ఎదురుగా రెండు సున్నాలు చుట్టింది. కాసేపు చూసి, ఒక సున్నా పక్కన "బ్రౌనియన్ చలనం" అని, ఇంకోదాని పక్కన, ఆ నిఘంటువును మా ఇంట్లో అందరం అనేలాగే, "బ్రౌణ్యం" అని రాసుకుంది.