చదువు ఎక్కువైతే ఆడపిల్లల ఆరోగ్యం చెడిపోతుందా? కాలేజీ డాక్టర్‌గా నేను వినే అపోహలు

నేను ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో హెల్త్ సెంటర్ చూసుకుంటాను. మొన్న ఒకమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, మేడం ఇది రాత్రి రెండింటిదాకా చదువుతోంది, అందుకే డేట్ సరిగ్గా రావట్లేదు, ఈ ఏడాదికి చదువు ఆపించేద్దామా అని అడిగింది. పాపం ఆవిడది నిజమైన భయమే, కానీ ఈ భయానికి నూట యాభై ఏళ్ళు, అమెరికాలో మొదటి మహిళా కాలేజీల డాక్టర్లు కూడా దీంతోనే కొట్టుకున్నారు.

అపోహ: కాలేజీకి డాక్టర్ ఉండటం ఈమధ్య వచ్చిన పద్ధతి, ఆ డాక్టర్ పని జ్వరానికి మాత్ర ఇవ్వడం.

వాస్తవం: న్యూయార్క్ రాష్ట్రంలో వాసర్ కాలేజీ 1865లో 353 మంది అమ్మాయిలతో మొదలైంది, మొదలైన రోజు నుంచే అలీడా ఏవరీ అనే లేడీ డాక్టర్ అక్కడే ఉండి పనిచేశారు. ఆవిడ ప్రొఫెసర్ కూడా, పిల్లలకి శరీరం ఎలా పనిచేస్తుందో, శుభ్రత అంటే ఏంటో పాఠం చెప్పేవారు. నా దృష్టిలో మందు కంటే ఆ పాఠమే పెద్ద వైద్యం.

అపోహ: బుర్రకి పని ఎక్కువైతే గర్భాశయం దెబ్బతింటుంది.

వాస్తవం: 1873లో బోస్టన్ డాక్టర్ ఎడ్వర్డ్ క్లార్క్ ఏకంగా పుస్తకమే రాశాడు, మగపిల్లల్లా చదివితే ఆడపిల్లల ఒంట్లో శక్తంతా మెదడుకే పోయి గర్భాశయానికి మిగలదని. పద్నాలుగేళ్ళకి వాసర్‌లో చేరి జబ్బుపడిన అమ్మాయి అంటూ ఒక కేసు కూడా చూపించాడు. ఏవరీ వెంటనే జవాబిచ్చారు, అసలు ఆ వయసు పిల్లని మా కాలేజీలో చేర్చుకోరు అని. ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఏవరీ కూడా పీరియడ్స్ మొదటి రెండు రోజులు జిమ్నాస్టిక్స్, గుర్రపుస్వారీ వద్దని రూల్ పెట్టారు. అంటే చదువు తప్పుకాదని గట్టిగా నిలబడిన డాక్టరమ్మకి కూడా విశ్రాంతి తప్పనిసరి అనే నమ్మకం పోలేదు, ఆ కాలానికి ఎవరి దగ్గరా లెక్కలు లేవు మరి.

ఆ లెక్కలు తీసింది న్యూయార్క్ డాక్టర్ మేరీ పట్నం జాకోబీ. వెయ్యిమంది ఆడవాళ్ళకి ప్రశ్నలు పంపితే 268 మంది జవాబు రాశారు, వాటితో పాటు నాడి కొలతలు కూడా తీసి, మామూలుగా ఉండే ఆడవాళ్ళకి ఆ రోజుల్లో పని మానెయ్యాల్సిన అవసరమేమీ లేదని తేల్చారు. రాసిందెవరో తెలియకుండానే హార్వర్డ్ వాళ్ళు 1876లో ఆ వ్యాసానికి బహుమతి ఇచ్చారు. తర్వాత 1885లో చదువుకున్న ఆడవాళ్ళ సంఘం ఒకటి 705 మంది గ్రాడ్యుయేట్ల ఆరోగ్యం వివరాలు సేకరించి అచ్చేసింది, వాళ్ళు మిగతా ఆడవాళ్ళకంటే రోగిష్టులేమీ కాదు. జవాబు రాసినవాళ్ళ లెక్కే కాబట్టి రెండు సర్వేలకీ హద్దులున్నాయి, అయినా ఊహ మీద కాకుండా అడిగి, రాసుకుని మాట్లాడటం అక్కడే మొదలైంది.

అలా చదువుకున్న ఆడవాళ్ళలో ఒకరు మన దగ్గరికీ వచ్చారు. ఫిలడెల్ఫియాలో మహిళా మెడికల్ కాలేజీలో 1879లో పాసైన అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1930లో పోయేదాకా గుంటూరునే సొంత ఊరు చేసుకున్నారు. కుగ్లర్ ఆసుపత్రి పేరు ఆవిడదే.

అపోహ: అయితే పరీక్షలప్పుడు డేట్ మారితే పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: ఇదీ తప్పే. నిద్ర లేకపోవడం, టెన్షన్, టిఫిన్ మానేసి టీ తాగి గడపడం, బరువు బాగా తగ్గడం, వీటివల్ల డేట్ వెనక్కి పోతుంది, పుస్తకం వల్ల కాదు. థైరాయిడ్, పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల తేడా) కూడా కారణం కావొచ్చు. మన దేశంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తం తక్కువ, హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే ఐరన్ అవసరం పడొచ్చు, ఆ మాత్ర టీతో మాత్రం వేసుకోవద్దు.

ఆ అమ్మాయికి పరీక్షలు రాశాను, చదువు ఆపించొద్దని వాళ్ళమ్మకి చెప్పాను. మీరు కూడా డేట్ వచ్చిన రోజు ఫోన్‌లో గానీ క్యాలెండర్ మీద గానీ రాసుకోండమ్మా, మూడు నెలలు రాకపోయినా, గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి రండి.