కంపెనీ ప్రాజెక్టు అమీర్‌పేటకు ఎలా చేరింది

బీటెక్ ఆఖరి సెమిస్టర్ వచ్చిందంటే హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రాజెక్ట్ సెంటర్లకు గిరాకీ. నలుగురైదుగురు కలిసి ఒక బ్యాచ్. ఐఈఈఈ (ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం) పరిశోధనా పత్రాల టైటిళ్ల జాబితాలోంచి ఒకటి ఎంచుకుని డబ్బు కడితే కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాలో ఏం చెప్పాలో అన్నీ ప్యాకేజీలోనే. రికార్డు మీద గైడ్ సంతకం పడితే టెన్షన్ తీరినట్టే. కంపెనీలో ప్రాజెక్టు చేస్తూ పనిచోట నేర్చుకోవాలని పెట్టిన పద్ధతికి ఈ గతి పట్టడం వెనక నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది.

1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ ఒక ఏర్పాటు చేశారు. విద్యార్థులను జతలుగా చేసి, ఒకరు తరగతిలో ఉన్న వారం రెండోవారిని ఫ్యాక్టరీకి పంపేవారు. మరుసటి వారం తారుమారు. ఫ్యాక్టరీలో ఆ చోటు ఖాళీ ఉండదు కాబట్టి యజమానికీ ఇబ్బంది లేదు. పిల్లలకు కూలీ కూడా వచ్చేది. కో-ఆప్ చదువు అలా మొదలైంది.

పదేళ్ల తర్వాత అమెరికాలోనే పేరున్న సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీ ఇంకో అడుగు వేసింది. విలియం వాకర్, ఆర్థర్ డి. లిటిల్ చొరవతో 1916లో కెమికల్ ఇంజినీరింగ్ ప్రాక్టీస్ స్కూల్ పెట్టారు. కొడాక్ అధిపతి జార్జ్ ఈస్ట్‌మన్ 3 లక్షల డాలర్లు ఇచ్చారు. అప్పటికి అది పెద్ద మొత్తమే. దానితో ఫ్యాక్టరీల్లోనే స్టేషన్లు నెలకొల్పారు, ఎంఐటీ అధ్యాపకులు అక్కడే మకాం ఉండి నడిపారు. ఈ కథకు కీలకం ఈ మకామే. విద్యార్థిని కంపెనీ గేటు దగ్గర వదిలేసి రాలేదు.

ఆ నమూనాయే రాజస్థాన్‌లోని పిలానీకి వచ్చింది. 1964లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైన అక్కడి ఇంజినీరింగ్ సంస్థ బిట్స్‌కు ఫోర్డ్ ఫౌండేషన్ నిధులు, ఎంఐటీ సలహాలు అందాయి. సి.ఆర్. మిత్రా డైరెక్టర్‌గా ఉండగా 1973లో ప్రాక్టీస్ స్కూల్ మొదలైంది. రెండో ఏడాది తర్వాత వేసవిలో దాదాపు రెండు నెలలు, చివర్లో అయిదున్నర నెలలు కంపెనీలో. అధ్యాపకుడి పర్యవేక్షణ, సెమినార్లు, రిపోర్టులు, చివర గ్రేడు: మామూలు కోర్సు ఎలాగో ఇదీ అలాగే. 2008లో హైదరాబాద్ క్యాంపస్ తెరిచాక మన ఊళ్లోనే ఈ పద్ధతి నడుస్తోంది.

మిగతా కాలేజీల సంగతి వేరు. పాలిటెక్నిక్ పిల్లలకు ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉండేది. బీటెక్ వాళ్లు బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, వైజాగ్ స్టీల్ లాంటి చోట్ల, చాలాసార్లు తెలిసినవాళ్ల మాట సాయంతో, ప్రాజెక్టు సంపాదించుకునేవారు. కాలేజీలు తక్కువ కాబట్టి ఎలాగో సాగింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కొన్నేళ్లలోనే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు దాదాపు 700 అయ్యాయి. అంతమందికి చోటిచ్చే కంపెనీలు లేవు, వెంట వెళ్లే అధ్యాపకులు అసలే లేరు. ప్రాజెక్టు మార్కులు మాత్రం సిలబస్‌లో అలాగే ఉన్నాయి. ఆ ఖాళీలోకి అమీర్‌పేట వచ్చింది. తప్పంతా ఆ సెంటర్లదే అనడం నాకు న్యాయంగా తోచదు. కాలేజీ చేయాల్సిన పనిని అవి అమ్మకానికి పెట్టాయి, అంతే.

ఆ తర్వాత నిబంధనలు ఇంకా గట్టిపడ్డాయి. 2018 మోడల్ కరికులమ్‌లో, దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ బీటెక్ భారాన్ని 160 క్రెడిట్లకు తగ్గించి ఇంటర్న్‌షిప్‌కు చోటిచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ సాధారణ డిగ్రీకీ 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది: మొదటి ఏడాది తర్వాత 2 నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో 2 నెలలు, మూడో ఏడాదిలో 6 నెలలు. బీఏ, బీకాం పిల్లలనూ కలుపుకోవడం మంచి ఆలోచనే. కానీ చిన్న పట్టణంలోని డిగ్రీ కాలేజీకి చుట్టుపక్కల ఎన్ని కంపెనీలుంటాయి? పైగా అవి కరోనా రోజులు. వర్చువల్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లతో చాలామంది గట్టెక్కారు.

నెలలు, క్రెడిట్లు, లాగ్‌బుక్ అన్నీ కాగితం మీద పక్కాగా ఉన్నాయి. అధ్యాపకుడు కంపెనీలో కూర్చున్న గంటలను బోధనా గంటలుగా లెక్కగట్టి, దారిఖర్చు ఇచ్చే కాలేజీలు మాత్రం ఇప్పటికీ అరుదు.