వైపర్ మోటారుతో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ జాయ్‌స్టిక్ కడదామనుకునేవాళ్లు కొనేముందు ఇది చదవండి

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్ల సామాను అమ్మే షాపుల్లో రెండు వైపర్ మోటార్లు కొనుక్కుని నేరుగా నా దగ్గరకొచ్చే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువైపోయారు. "అన్నా, ఫ్లైట్ సిమ్‌కి ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్ కడుతున్నాం, మోటారుని నడిపే మంచి డ్రైవర్ బోర్డు ఏదో చెప్పండి" అంటారు. ఫ్లైట్ సిమ్ అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే ప్రోగ్రామ్, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్ అంటే విమానం మీద పడే బలాన్ని మోటార్లతో చేతికి తెలిసేలా చేసే జాయ్‌స్టిక్. మోటార్లు, వాటి కంట్రోలర్లు బాగుచేయడం నా పని. ఇలాంటి స్టిక్కులు కూడా కట్టిచ్చాను. అందుకే వైపర్ మోటారు కొనమని సలహా ఎవరిచ్చారని ప్రతివాడినీ అడుగుతాను, గ్రూపులో ఎవరో చెప్పారంటారు, లేదంటే ఏదో వీడియోలో చూశామంటారు. ఈ ఒక్క పుకారుకి పోతున్నంత డబ్బు మిగతా అపోహలన్నీ కలిపినా పోవడం లేదు, కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: వైపర్ మోటారుకి టార్క్, అంటే తిప్పే బలం, ఎక్కువ, ధర తక్కువ, కాబట్టి జాయ్‌స్టిక్‌కి అదే బెస్టు.

టార్క్ ఎక్కువన్న మాట నిజమే, ధర తక్కువన్నదీ నిజమే. కానీ ఆ టార్క్ వచ్చేది లోపలున్న వర్మ్ గేరు వల్ల, అంటే మరలాంటి ఇరుసు పళ్లచక్రాన్ని తిప్పే ఏర్పాటు వల్ల. మోటారు తిరిగితే షాఫ్ట్ తిరుగుతుంది, మీరు షాఫ్ట్ పట్టుకుని తిప్పబోతే మాత్రం మోటారు తిరగదు. కారుకి అదే మంచిది, ఎదురుగాలికి వైపర్లు పక్కకి జరిగిపోకుండా ఉంటాయి. మనకి కావాల్సింది దీనికి సరిగ్గా ఉల్టా. చేయి తోస్తే మోటారు తిరగాలి, మోటారు తోస్తే చేతికి తెలియాలి. వర్మ్ గేరు పెట్టారంటే కరెంటు తీసేసినా స్టిక్ కదలదు, కరెంటిస్తే తనంతట తను పోతుంది గానీ మీ చేతిని పట్టించుకోదు.

సాఫ్ట్‌వేర్‌లో సర్దేద్దాం అన్నా అని బతిమాలతారు. గ్రిప్ కింద లోడ్ సెల్ పెట్టి, చేయి ఎంత బలంగా తోస్తోందో కొలిచి, దాన్నిబట్టి మోటారుని నడిపే పద్ధతి ఒకటి ఉన్నమాట నిజం. కానీ గేర్లలో లూజు ఉన్న పాత వైపర్ మోటారుతో, అదీ మొదటి ప్రాజెక్టులో, దాని జోలికి వెళ్లొద్దు.

వర్మ్ కాకుండా వేరే గేర్‌బాక్స్ పెద్దది పెట్టినా ఇబ్బందే. గేరు నిష్పత్తి 50 అయితే, అంటే మోటారు 50 చుట్లు తిరిగితే స్టిక్ ఇరుసు ఒక్క చుట్టు తిరిగేలా ఉంటే, మోటారు లోపల తిరిగే రోటారు జడత్వం మీ చేతికి 50 రెట్లు కాదు, 50 ఇంటూ 50, అంటే 2,500 రెట్లు తగులుతుంది. అదే నిష్పత్తి 6 అయితే 36 రెట్లతో సరిపోతుంది. స్టిక్ తేలిగ్గా, చురుగ్గా ఉండాలంటే గేరింగ్ తక్కువ ఉండాలి, మోటారు పెద్దది ఉండాలి. దీనికి దగ్గరదారి లేదు.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? నాకు తెలిసి సీటుని ఊపే మోషన్ ప్లాట్‌ఫారాల దగ్గర. అక్కడ వైపర్ మోటార్లు నిజంగానే వాడతారు, సీటు చెప్పిన చోటికి వెళ్లి మనిషి బరువుకి జారకుండా ఆగితే చాలు కాబట్టి వర్మ్ గేరు అక్కడ మేలే చేస్తుంది. ఆ వీడియో చూసి ఈ పనికి వాడేస్తున్నారు.

ఏం కొనాలంటే, నెమా 23 అనే స్టాండర్డ్ సైజులో బీఎల్‌డీసీ, అంటే బ్రష్‌లు లేని మోటార్లు రెండు, షాఫ్ట్ ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్‌తో, గేర్ల బదులు ఒక్క దశలోనే వేగం తగ్గించే పళ్ల టైమింగ్ బెల్ట్, నిష్పత్తి 5 నుంచి 8 మధ్య. లెక్క తేలికే. స్టిక్ 20 సెంటీమీటర్లు, గ్రిప్ దగ్గర రెండు కిలోల బలం, అంటే సుమారు 20 న్యూటన్లు అనుకుంటే 4 న్యూటన్ మీటర్లు కావాలి. నిష్పత్తి 6 అయితే మోటారు 0.7 న్యూటన్ మీటర్లు ఇస్తే చాలు. ఏ మోటారైనా డబ్బివ్వకముందే షాపులో షాఫ్ట్ చేత్తో తిప్పి చూడండి. సాఫీగా తిరగాలి, పళ్లు పళ్లుగా ఆగి ఆగి తిరగకూడదు. స్టెప్పర్ మోటార్లు అలాగే తిరుగుతాయి, అందుకే అవీ వద్దంటాను. మామూలు బ్రష్ మోటారైతే రెండు వైర్లూ కలిపిపట్టుకుని మళ్లీ తిప్పండి, ఒక్కసారిగా బరువెక్కితే అది జనరేటర్‌లా పనిచేస్తోందన్నమాట. వైపర్ మోటారు ఈ పరీక్ష దాకా రానేరాదు.

తెనాలి నుంచి ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. "అంతా దండగేనా సార్?" అని అడిగారు, పిల్లాడు తలెత్తలేదు. వాడు తెచ్చిన జింబల్, అంటే స్టిక్ అన్ని వైపులా ఊగేలా పట్టే చట్రం, చూస్తే ముచ్చటేసింది. బైకు చక్రంలో వాడే 6203 బేరింగులు, లేత్ మీద తీయించిన ఇరుసులు, ఎక్కడా లూజు లేదు. మోటార్లు విప్పి వేలితో తోస్తే చప్పుడు లేకుండా ఊగింది. ఈ పనిలో కష్టమైన భాగం అదే, దాన్ని వాడు సరిగ్గా చేశాడు. మోటార్లు, బెల్టులు మారిస్తే సరిపోతుందని ఆయనకి అర్థమయ్యేలా చెప్పి పంపాను. అమ్మానాన్నలకి ఒక్క మాట, వైపర్ మోటారు కొన్నందుకు పిల్లల్ని తిట్టకండి, ఆ సలహా ఇచ్చినవాళ్లు స్టిక్ కట్టి చూసుండరు.

ఇంట్లో షాక్ కొడుతుందనీ, మంటలొస్తాయనీ టెన్షన్ పడేవాళ్లున్నారు. 24 వోల్టుల వైపు షాక్ భయం లేదు. ఇంటి కరెంటుని 24 వోల్టులకి మార్చే ఎస్ఎంపీఎస్‌కి వచ్చే 230 వోల్టుల టెర్మినళ్లు మాత్రం మూత లేకుండా వదలొద్దు, ఎర్త్ తప్పనిసరి. వేడి సంగతి నిజం. ఈ మోటారు తిరగడం తక్కువ, ఒకచోట ఆగి తోస్తూ ఉండటమే ఎక్కువ, కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు. కంట్రోలర్‌లో కరెంటు లిమిట్ పెట్టండి. స్టిక్‌ని జోరుగా లాగితే మోటారు వోల్టేజీని వెనక్కి తోస్తుంది, ఎస్ఎంపీఎస్ ట్రిప్ అవుతుంది, ఆ కరెంటుని వేడిగా ఖర్చుచేసే బ్రేక్ రెసిస్టర్ ఉండాలి. చేతికందే చోట ఒక ఆఫ్ స్విచ్ కూడా.

స్టిక్‌ని కంప్యూటర్‌కి కలిపే బోర్డుగా ఆర్డునో యునో ఆర్3 సరిపోతుందా? వద్దు, దాని మెయిన్ చిప్‌లో యూఎస్‌బీ లేదు. లియొనార్డో గానీ ప్రో మైక్రో గానీ తీసుకోండి, రెండింట్లోనూ 32యూ4 చిప్పే. గేమ్‌ప్యాడ్ వణుకుడు ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ కాదు. ఈ స్టిక్ అన్ని సిమ్యులేటర్లలోనూ నేరుగా పనిచేస్తుందన్నది కూడా తప్పు. డీసీఎస్, ఐఎల్-2లలో నేరుగా పనిచేస్తుంది, ఎక్స్-ప్లేన్‌కి మధ్యలో ఎక్స్‌పీఫోర్స్ లాంటి ప్రోగ్రామ్ కావాలి.

చివరిది, పైలట్ అవుదామనుకునే పిల్లలు ఎక్కువగా అడిగేది: ఎయిర్‌బస్ ప్రాక్టీసుకి ఇది ఉండాలా? ఏ320 సైడ్‌స్టిక్‌లో గాలి ఒత్తిడి చేతికి రాదు, మధ్యకి తెచ్చే స్ప్రింగులే ఉంటాయి. మామూలు స్ప్రింగు జాయ్‌స్టిక్ కొనుక్కోండి, డబ్బు మిగులుతుంది. సెస్నా 172 లాంటి చిన్న విమానాల్లో కేబుళ్ల మీదుగా గాలి ఒత్తిడి నేరుగా చేతికొస్తుంది, వేగం రెట్టింపయితే ఆ ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, ట్రిమ్ తిప్పితే చేతి మీద భారం తగ్గుతుంది. అలాంటివీ, హెలికాప్టర్లూ, పాత యుద్ధవిమానాలూ నడపాలనుకునేవాళ్లే ఈ స్టిక్ కట్టుకోండి.