సిలికాన్ పూస్తే లీకేజీ ఆగదు: పాత కారు ముందు అద్దంపై అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో పాత అంబాసిడర్లకూ పద్మినీలకూ అద్దాలు బిగించే పనిలో ఉన్న నన్ను, ఏటా సెప్టెంబరులో మొదటి గట్టి వాన పడిన మరునాటి నుంచి అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "డాష్‌బోర్డు కిందికి నీళ్లు దిగుతున్నాయి, అద్దం చుట్టూ సిలికాన్ కొట్టేస్తే సరిపోతుంది కదా?" సరిపోదు. మా పని గురించి ప్రచారంలో ఉన్న అపోహలన్నింటిలోకీ యజమానుల జేబుకు పెద్ద చిల్లు పెట్టేది ఇదే కాబట్టి, దీని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఇప్పటి కార్లలో ముందు అద్దాన్ని పాలీయురేథేన్ జిగురుతో నేరుగా బాడీకి అతికిస్తారు. అది చూసినవారు పాత కారుకు కూడా జిగురే మందు అనుకుంటారు. అంబాసిడర్‌లో అద్దాన్ని పట్టి ఉంచేది రబ్బరు బీడింగ్. దాని లోపలి గాడిలో అద్దం అంచు, బయటి గాడిలో బాడీ రేకు అంచు కూర్చుంటాయి. రబ్బరు మెత్తగా ఉండి ఆ రెండింటినీ బిగించి పట్టినంత కాలం నీరు లోపలికి రాదు. నీరు వస్తోందంటే రబ్బరు ఎండి బిరుసెక్కి ఉండాలి, లేదా కింది మూలల్లో రేకు తుప్పు పట్టి ఉండాలి. అలాంటి చోట పైనుంచి సిలికాన్ పూయడం పుండు కడగకుండా కట్టు కట్టినట్టే; అప్పటికే గాడిలో చేరిన నీటికి బయటికి వచ్చే దారి కూడా మూసుకుపోయి, తుప్పు ఇంకా వేగంగా పాకుతుంది. పైగా చవకగా దొరికే, వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, రంగు లేచిపోయిన ఇనుప రేకును అది కొరికేస్తుంది. తర్వాతెప్పుడో బండిని పెయింటింగ్‌కు ఇస్తే, సిలికాన్ జిడ్డు మిగిలిన చోటల్లా రంగు నిలవక చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. పెయింటర్లు మమ్మల్ని తిట్టుకునేది అప్పుడే.

ధర్మవరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తండ్రి కొన్న అంబాసిడర్‌ను షెడ్డుకు తెచ్చి, దిగీ దిగకముందే "అద్దం పగలకుండా తీస్తావు కదప్పా?" అని అడిగారు. అంతకుముందు ఎవరి దగ్గరికి వెళ్లినా అద్దం తీయకుండా, పాత పొర మీద ఇంకో పొర పూసి పంపించారట. ఎడమ వైపు కింది మూలలో పుట్టీ బ్లేడుతో ఆ నల్లటి సిలికాన్‌ను లేపితే దాని వెంటే రంగు, రంగు వెంటే ఎర్రటి తుప్పు పెచ్చులు ఊడి వచ్చాయి. స్క్రూడ్రైవర్ మొన ఆనించగానే రేకులోంచి అటువైపు దిగిపోయింది. ఆయన ముఖం చూసి, "తప్పు మీది కాదు సార్, అద్దం తీసి చూడనివాళ్లది" అన్నాను. జానెడు మేర కుళ్లిన రేకును టింకరింగ్ మేస్త్రీ కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, రెడ్ ఆక్సైడూ రంగూ వేశాకే కొత్త రబ్బరు ఎక్కించాము. ఆయన కట్టిన బిల్లులో రబ్బరు, అద్దం బిగింపు కలిపినా కొంతే. పెద్ద మొత్తం టింకరింగ్‌కే పోయింది.

సరైన పద్ధతిలో రహస్యమేమీ లేదు. శుభ్రం చేసిన అద్దానికి ముందుగా రబ్బరు తొడగాలి. బయటి గాడిలో సన్నని నైలాన్ తాడును చుట్టూ పరిచి, రెండు కొసలూ కింద మధ్యలో ఒకదాని మీదుగా ఒకటి దాటేలా ఉంచాలి. సబ్బు నీళ్లు పూసి అద్దాన్ని బయటినుంచి ఆనించాక, లోపల కూర్చున్న మనిషి తాడు లాగుతూ ఉంటే రబ్బరు పెదవి, అంటే ఆ గాడి లోపలివైపు అంచు, రేకు అంచును దాటి లోపలికి మడత పడుతుంది. బయటి మనిషి ఆ చోటే అరచేత్తో నొక్కుతూ రావాలి. మూలలో అద్దం దిగకపోతే సుత్తి వైపు చూడకండి, తాడును కొంచెం వెనక్కి తెచ్చి మళ్లీ లాగండి. బిగింపులో అద్దాలు పగలడానికి ఎక్కువగా కారణం రేకు అంచు మీద వదిలేసిన తుప్పు గడ్డలో, వెల్డింగ్ బొడిపెలో. ఒత్తిడంతా ఆ ఒక్క చోట పడి బీట అక్కడి నుంచి మొదలవుతుంది. అంచు నునుపుగా ఉంటే అద్దం గురించి భయపడనక్కర లేదు. అద్దం కూర్చున్నాక, మాస్టిక్ అనే, ఎప్పటికీ గట్టిపడని జిగురు ముద్దను సన్నని నాజిల్‌తో రబ్బరు పెదవి కింద పెట్టవచ్చు. అది సిలికాన్ కాదు.

గ్రీజో డీజిలో పూస్తే రబ్బరు సులువుగా జారుతుందన్న మాట నిజమే కానీ, ఆ నూనెలకు రబ్బరు ఉబ్బి మెత్తబడి ఆకారం కోల్పోతుంది. సబ్బు నీళ్లు చాలు.

"కంపెనీ ఒరిజినల్ పాత స్టాకు" రబ్బరు కోసం బెంగళూరు జె.సి. రోడ్డు దాకా వెళ్లి ఎక్కువ ధర పెట్టేవారున్నారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అప్పటి సరుకు నిజంగా దొరికినా, అది గోడౌన్‌లో ఇన్నేళ్లుగా ముదిరిన రబ్బరు. కొనేముందు మడిచి చూడండి, మడత మీద సన్నని పగుళ్లు కనిపిస్తే కింద పెట్టేయండి.

మన జిల్లాలో వానలెక్కడివి, లీకేజీతో ఏం నష్టం అనేవారికి ఒక్క మాట: మన దగ్గర రబ్బరును ముందుగా చంపేది ఎండ. పగుళ్లలోకి ఎర్రదుమ్ము చేరి, ప్రతి ఆదివారం మీరు కడిగే నీటిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. తుప్పుకు ఆ తడి చాలు.

టఫెన్డ్ అద్దం, అంటే వేడిచేసి గట్టిపరిచిన అద్దం, బలమైనది కదా అని ముందు అద్దానికి అదే అడగకండి. రాయి తగిలి పగిలితే అది ఒక్కసారిగా చిన్న ముక్కలైపోయి దారి కనిపించదు. లామినేటెడ్ అద్దంలో మధ్యనున్న ప్లాస్టిక్ పొర ముక్కలను పట్టి ఉంచుతుంది.

ఇక లీకేజీ అనుమానం ఉన్నవారు రబ్బరు కొనకముందే ఒక మనిషిని టార్చిలైటుతో లోపల కూర్చోబెట్టి, పైపుతో ఒత్తిడి లేకుండా నీళ్లు వదులుతూ కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లండి. నీరు అద్దం కింది అంచును చేరకముందే లోపల చుక్కలు పడితే, మార్చవలసింది వైపర్ స్పిండిళ్ల (వైపర్లను తిప్పే ఇరుసుల) కింద ఉండే చిన్న రబ్బరు వాషర్లనే కావచ్చు.