ప్రజాభిప్రాయ సేకరణ సభ: అపోహలు - వాస్తవాలు

గనో థర్మల్ కేంద్రమో వస్తుందన్న ఊళ్లలో, ప్రాజెక్టుపై జనం మాట వినేందుకు పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ సభ కోసం అభ్యంతర పత్రాలు రాయించడం పర్యావరణ న్యాయవాదిగా నా పనిలో ఒక భాగం. అక్కడ తరచుగా వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

అపోహ: ఊరంతా వద్దంటే ప్రాజెక్టు ఆగిపోతుంది.

వాస్తవం: 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఈ సభ ఓటింగు కాదు. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేసే ఈ సభకు కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. అక్కడ లేవనెత్తిన అంశాలను నమోదు చేసి పంపితే, నిపుణుల కమిటీ వాటిని పరిశీలించి సిఫారసు చేస్తుంది. అందుచేత "మాకు వద్దు" అన్న నినాదం కంటే "మా చెరువు కింది ఆయకట్టును మీ నివేదికలో బంజరుగా చూపించారు" అన్న ఒక్క వాక్యానికి బరువెక్కువ. శ్రీకాకుళం జిల్లా సోంపేట పోరాటంలో బీల భూములు పనికిరాని నేలలు కావని, చేపలకూ సాగుకూ ఆధారమైన చిత్తడి నేలలని చెప్పడమే కీలకమైంది. అక్కడి థర్మల్ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ 2010 జూలై 14న రద్దు చేసింది. అదే రోజు సోంపేటలో పోలీసు కాల్పులకు మనుషులు బలయ్యారు.

అపోహ: సభను బహిష్కరిస్తే అది చెల్లదు.

వాస్తవం: ఈ సభకు కోరం, అంటే ఇంతమంది హాజరు కావాలన్న నియమం, లేదు. ఎవరూ రాకపోయినా జరిగినట్టే రాసుకుంటారు. అంతకంటే ప్రమాదకరమైన నిబంధన మరొకటి ఉంది. స్థానిక పరిస్థితుల వల్ల ప్రజలు స్వేచ్ఛగా మాట్లాడలేరని నివేదిక వెళ్తే, అసలు సభే అక్కర్లేదని నిర్ణయించే అధికారం అనుమతిచ్చే సంస్థకు ఉంటుంది. పోలీసుల పహారా మధ్య మైకు ఇచ్చి మాట్లాడమంటే కోపం రావడం సహజమే కానీ, టెంటు కూల్చడం వల్ల లాభపడేది కంపెనీయే. సభలో ఎవరేం అన్నారో రాసిన కార్యవాహిని చివర్లో చదివి, అందులోని విషయాలను తెలుగులో వివరించాలి. అందులో మీ మాట లేకపోతే అక్కడికక్కడే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి.

అపోహ: పట్టా ఉన్నవాళ్లే మాట్లాడాలి.

వాస్తవం: కౌలు రైతులు, కూలీలు, మత్స్యకారులు, మేకల కాపరులు అందరూ మాట్లాడవచ్చు.

అపోహ: అనుమతి వచ్చాక కోర్టుకు ఎప్పుడైనా వెళ్లవచ్చు.

వాస్తవం: జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు పొడిగిస్తారు, అంతకుమించి ఇవ్వరు.

అపోహ: పర్యావరణ చట్టాలు రోజురోజుకూ కఠినమై అభివృద్ధికి అడ్డుపడుతున్నాయి.

వాస్తవం: నాకు కనిపిస్తున్నది ఇందుకు పూర్తిగా విరుద్ధం. పనులు మొదలుపెట్టాక అనుమతి తెచ్చుకునే పద్ధతిని 2025 మే 16న సుప్రీంకోర్టు కొట్టివేసింది గానీ, అదే ఏడాది నవంబరు 18న 2-1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. ఈ మధ్యలోనే, సెప్టెంబరులో, కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులనూ కీలక ఖనిజాల గనులనూ ప్రజాభిప్రాయ సేకరణ నుంచే మినహాయించింది. యురేనియం కూడా అణు ఖనిజమే. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. అలాంటి గని కొత్తగా మరో ఊరికి వస్తే, ఆ ఊరి రైతులకు ఇక సభ కూడా ఉండదు.