పులికాట్ గొడవ ఇవాళ్టిది కాదు, గీత నీళ్ల మీద గీయలేదు మరి

తడ దగ్గర భీములవారిపాలెంలో పడవెక్కితే ఇరకం దీవికి పోవచ్చు. చుట్టూ పులికాట్ నీళ్లే, మన పాతవాళ్లు ప్రళయకావేరి అనేది దీన్నే. 2022లో ఈ వైపంతా తిరుపతి జిల్లాలో కలిపారు గానీ నోటికి ఇంకా నెల్లూరు జిల్లా అనే వస్తాది.

ఈడ మనవాళ్లకీ పళవేర్కాడు వైపు తమిళ జాలర్లకీ గొడవొస్తే ఇద్దరూ చెప్పేది ఒకటే, మా నీళ్లలోకి వచ్చారు అని. పడవలు పట్టుకోవడం, వలలు లాక్కోవడం, తర్వాత పెద్దమనుషులు కూర్చోవడం, మళ్లీ కొన్నాళ్లకి అదే కథ.

1953కి ముందు ఇదంతా మద్రాసు రాష్ట్రమే, అప్పుడు సూళ్లూరుపేట ఆంధ్రకి వచ్చింది, పొన్నేరి ఆడే ఉండిపోయింది. తర్వాత పటాస్కర్ గారు మధ్యవర్తిగా కూర్చుని గ్రామాన్ని లెక్కలోకి తీసుకుని, ఏ ఊళ్లో ఏ భాషోళ్లు ఎక్కువో చూసి పంచారు, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు వైపు ఇటొచ్చింది. ఊళ్లకి ఆ లెక్క సరిపోయింది, మరి చేపకి ఏ భాష అని రాస్తారు?

అసలు కిటుకు ముఖద్వారాల్లో ఉంది. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోదే, కానీ సముద్రంతో కలిపే మూడింట్లో వాకాడు మండలంలోని తూపిలిపాళెం, రాయదొరువు ఇసకతో పూడిపోయాయి, దక్షిణాన పళవేర్కాడు దగ్గరదే కాస్త నయం. సముద్రం నీళ్లు లోపలికి రాకపోతే రొయ్య పిల్ల, చేప పిల్ల ఎట్టొస్తాయి? ఎండాకాలం ఉత్తరం వైపు నేల బీటలిస్తాది, దానికితోడు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి సరస్సు మధ్యలో వేసిన రోడ్డు నీటి పారుదలకి అడ్డం. (శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్ నుంచి 1971 అక్టోబర్‌లో మొదటి రాకెట్ ఎగిరింది, ఇప్పుడు ప్రయోగం ఉందంటే చాలు ఆ చుట్టుపక్కల సముద్రంలో వేట బంద్.) ఇంక లోతు ఎటుంటే పడవ అటే పోతాది, అంటే దక్షిణానికే, గొడవ మొదలయ్యేది ఆడే.

సముద్రంలోనూ ఇంతే. 1976 చట్టం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దేశానివని చెప్పింది గానీ అందులో ఆంధ్ర యాడికి, తమిళనాడు యాడికి అని గీయలేదు. అందుకే సోనా బోట్లు, అంటే తమిళనాడు వైపు పెద్ద మర పడవలు, నెల్లూరు తీరం దాకా వచ్చి మనోళ్ల వలలు తెంపుకుపోయినా మన బోటోళ్లు జీపీఎస్ చూపించి వాదించుకోవాల్సిందే.